పొడుగు గొట్టం

ఆ చలికాలమంతా మా ఇంట్లో మాట్లాడుకున్నది ఊపిరి గురించే.

వానలు వెనకబట్టే రోజుల్లో కొండ ఒక పక్క జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక్క గోడా కూలలేదు. కానీ మర్నాడు పొద్దున పైవీధి కుళాయిల్లో ఇటుక రంగు నీళ్లు వచ్చాయి. కొన్నాళ్లకు అవి కూడా సన్నబడి, దారంలా జారి, ఆఖరికి కుళాయి తిప్పితే దగ్గు మాత్రం వినిపించేది. మా ఊరికి నీళ్లిచ్చేది కొండ అడుగున ఉన్న ఊట. అది ఒక గుహ నోట్లోంచి బయటికొచ్చి, చిన్న మడుగుగా నిలిచి, అక్కడి నుంచి పైపుల్లోకి పోతుంది. గుహ లోపల నడిచే దారి లేదు. కప్పు దాకా నీళ్లే.

నీటి సరఫరా ఇంజనీరుగారు ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చారు. మా ఆయన ఆ ఇంజనీరుగారి దగ్గరే పంపుల మెకానిక్కు. నేను భూముల సర్వే ఆఫీసులో పటాలు గీస్తాను. సెలవుల్లో ఇద్దరం నీళ్లలో దూకే పిచ్చివాళ్లమని ఊళ్లో పేరు. అంతకు ముందు రెండేళ్లుగా టెక్నికల్ డైవింగు నేర్చుకుంటున్నాం. అంటే, ఏదైనా జరిగితే నేరుగా పైకి తేలిపోయే వీల్లేని చోట్లకు వెళ్లడం. నెత్తిన రాయి ఉన్నా, లోతు ఎక్కువై మెట్టు మెట్టుగా ఆగుతూ పైకి రావాల్సి ఉన్నా, అక్కడ వచ్చిన ఇబ్బందిని అక్కడే తీర్చుకోవాలి.

"నీళ్లు వేరే దారి పట్టాయా, లోపలేదైనా అడ్డం పడిందా? ఇది తెలీకుండా నేనేం చేసినా చీకట్లో రాయి విసిరినట్టే," అన్నారు ఇంజనీరుగారు. "అడ్డం పడితే బతికిపోయాం. ఆ అడ్డానికి అవతల పైనుంచి బోరు వేసుకోవచ్చు. దారే మళ్లితే మాత్రం పైవీధుల వాళ్లు ఇళ్లు వదులుకోవాల్సిందే."

మాది పైవీధే.

"వెళ్తాం," అన్నారు మా ఆయన, టీ చల్లారకముందే.

నేను కిటికీలోంచి వీధి చివర నీళ్ల లారీ చుట్టూ నిలబడ్డ జనాన్ని చూస్తున్నాను. వెళ్లాలనే నాకూ ఉంది. కానీ ఆ గుహ నీళ్లలో నేను ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. ఎముక దాకా జివ్వుమంది.

"దేంతో ఊపిరి పీల్చుకుంటాం?" అని అడిగాను.

ఇంజనీరుగారికి నా ప్రశ్న అర్థం కాలేదు. మా ఆయనకు అర్థమైంది. అందుకే ముఖం పక్కకు తిప్పుకున్నారు.

*

డైవర్ వీపు మీద సిలిండర్లో గాలి విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది. దాన్ని అలాగే నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు పేలిపోతాయి. ఆ ఒత్తిడిని తగ్గించి, మనం పీల్చినప్పుడు పీల్చినంతే ఇచ్చేది రెగ్యులేటరు. సిలిండరు మెడకు బిగించే ముక్క ఒకటి, నోట్లో పెట్టుకునే ముక్క ఒకటి, మధ్యలో గొట్టం. మా అత్తగారికి ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ పైకి చూసి, "ఫ్యానుకు ఉంటుందే, అదా?" అన్నారు. ఆ తర్వాత నేనెంత చెప్పినా మా సామానంతటినీ ఆవిడ 'ఫ్యాను స్విచ్చులు' అనే అనేవారు.

మేం వీపున కట్టుకునేవి జంట సిలిండర్లు కాబట్టి మనిషికి రెండు రెగ్యులేటర్లు కావాలి. మా ఆయన దగ్గర పాతవి రెండున్నాయి. పెళ్లి కాకముందు వెచ్చని సముద్రాల్లో ఓడల అడుగు బాగుచేసే రోజుల్లో కొన్నవి. ఏటా వాటిని తనే విప్పి, తుడిచి, రబ్బరు వలయాలు మార్చి, మళ్లీ బిగించేవారు. పసిపిల్లకు స్నానం చేయించినట్టు చేసేవారు. నిజం చెప్పాలంటే వాటిలోంచి గాలి తేనెలా వచ్చేది.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు," అన్నారు.

"చన్నీళ్లలో వాటిని దింపలేదు కదండీ."

"నీళ్లు నీళ్లే."

"బురద కూడా ఉంటుంది."

"బురదా బురదే," అన్నారు. అదేం సమాధానమో ఆయనకూ తెలియలేదు. మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, "వాళ్ల నాన్నా ఇంతే. వాదన అయిపోయాక కూడా ఓ రెండు మైళ్లు నడిచేవారు," అన్నారు.

మర్నాడు ఆయన్ని బలవంతాన బుడగల పిన్ని షాపుకు లాక్కెళ్లాను. పిన్ని మాకు చుట్టరికం ఏమీ కాదు. మాకు డైవింగు నేర్పిన మనిషి. పైకొచ్చే బుడగలు చూసి కింద ఎవడు భయపడుతున్నాడో చెప్పేస్తుందని ఆ పేరు. షాపు ఒక సైకిళ్ల దుకాణం వెనక సందులో ఉంటుంది. గోడ నిండా గొట్టాలు వేలాడుతూ, లోపలికి అడుగుపెడితే రబ్బరు వాసన.

"అన్నిటికన్నా మంచిది చూపించు పిన్నీ," అన్నాను.

"అన్నీ మంచివే. చెడ్డది అమ్మితే నువ్వు తిరిగొచ్చి నన్ను తిట్టేదానికి కూడా ఉండవు," అంది నవ్వకుండా. "ఏ నీళ్లలోకి పోతున్నావు? అది చెప్పు."

చెప్పాను. చల్లదనం, లోతు, బురద, ఇరుకు. పిన్ని వింటూ బల్ల మీద మూడు రెగ్యులేటర్లు పెట్టింది. మా ఆయన తన పాతదాన్ని కూడా సంచిలోంచి తీసి వాటి పక్కన పెట్టారు. పెళ్లిచూపుల్లో తన కొడుకును కూడా వరసలో కూర్చోబెట్టినట్టు అనిపించింది నాకు.

పిన్ని ముందు దాన్నే చేతిలోకి తీసుకుంది.

"ఇది పిస్టన్ రకం. ముచ్చటైన వస్తువు. ఈ రంధ్రాలున్నాయి చూశారా? వీటిలోంచి నీళ్లు లోపలికెళ్లి స్ప్రింగు చుట్టూ తిరుగుతాయి. వెచ్చని సముద్రంలో ఏమీ కాదు. కానీ గాలి ఒత్తిడి తగ్గి వచ్చేటప్పుడు తనకు తనే చల్లబడుతుంది. బయట నీళ్లు ఇప్పటికే గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటే, ఆ స్ప్రింగు చుట్టూ మంచు పడుతుంది. గాలి వదిలే చిన్న తలుపు తెరుచుకుని అలాగే బిగుసుకుపోతుంది. గాలంతా ధారగా పోతుంది. నా ఈ మూడూ పొర రకం. లోపల ఉన్న పనిముట్లకూ నీళ్లకూ మధ్య రబ్బరు పొర అడ్డం. ఆ పొర మీద ఇంకో మూత. నీళ్లూ బురదా స్ప్రింగును ముట్టుకోలేవు."

నేను ఇంటి నుంచి మందపాటి డైవింగు చేతితొడుగులు తెచ్చుకున్నాను. తొడుక్కుని ఒక్కోదాని బిగింపు మరలూ తిప్పి చూశాను. ఒకటి వెండిలా మెరుస్తూ చాలా అందంగా ఉంది. దాని మర తొడుక్కున్న వేళ్లలోంచి జారిపోయింది. పక్కన పెట్టేశాను. ఇంకోటి బాగానే తిరిగింది కానీ, పిన్ని దాన్ని జంట సిలిండర్లకు బిగించి చూపిస్తే గొట్టం నా చెవి దగ్గర మెలిపడింది. మూడోది నల్లగా, బరువుగా, బొగ్గుముక్కలా ఉంది. మర చేతికి దొరికింది. గొట్టాలు ఎక్కడివక్కడ కిందికి బుద్ధిగా వాలాయి. నోట్లో పెట్టుకుని పీల్చాను. తేనెలా ఏం రాలేదు. మామూలు గాలిలా వచ్చింది. తల వంచినా, పక్కకు పడుకున్నా, వెల్లకిలా తిరిగినా అంతే.

"దీన్ని విప్పి కట్టడం నాకొచ్చు," అంది పిన్ని. "ఆ మెరిసేదానికి చిన్న వలయం కావాలన్నా ఓడెక్కి రావాలి."

"ఇదే," అన్నాను.

"ఇద్దరికీనా?"

"తనకి చాలు," అన్నారు మా ఆయన. "నా వాటిని నేను నా చేతులతో విప్పి బిగించాను. లోపల ప్రతి స్క్రూ నాకు తెలుసు."

"బాబూ, చీకట్లో అమ్మాయి నీ మర కోసం తడుముకుంటే, తన దానికి ఎక్కడుంటుందో నీదానికీ అక్కడే ఉండాలి. ఇద్దరివీ ఒకేలా ఉండాలనేది ముచ్చట కోసం కాదు."

ఆయన తన రెగ్యులేటరును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. పిన్ని నల్లవి రెండు నాకు కట్టిచ్చింది.

*

నోట్లో పెట్టుకునే భాగానికి కొరికి పట్టుకునే రబ్బరు ముక్క ఉంటుంది. గంటల తరబడి పట్టుకుంటే దవడ పీకేస్తుంది. పిన్ని నాకు నాలుగైదు రకాలిచ్చి, ఇంట్లో పెట్టుకుని చూడమంది. ఆ వారమంతా ఒకటి నోట్లో బిగించుకుని బట్టలు ఇస్త్రీ చేశాను, కూరలు తరిగాను, పటాలకు రంగులు వేశాను.

"ఇదేదో బాగుందమ్మాయ్," అన్నారు మా అత్తగారు. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో. నా కాలంలో ఇలాంటివి ఉంటే మా అత్తగారికి రెండు కొనిచ్చేదాన్ని."

నవ్వితే రబ్బరు జారి కూరముక్కల్లో పడింది.

ఆవిడకు నీళ్లంటే భయం. కొడుకు ఓడల కింద పనిచేసిన రోజుల్లో ఉత్తరం వచ్చేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న మనిషి. మేం డైవింగుకు వెళ్లొస్తే "వచ్చారా?" అని అడిగేవారు గానీ, కింద ఏముందని ఎన్నడూ అడగలేదు. మడుగు దరిదాపులకు కూడా వచ్చేవారు కాదు. అలాంటిది, ఆ రోజు ముందుగది నేల మీద నేను కొత్త గొట్టాలు పరిచి బిగించుకుంటుంటే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఇదొక్కటే ఇంత పొడుగేమిటి? నీ పొడుగున్న మనిషికి సరిపోయి ఇంకా మిగిలేట్టుందే."

"అది పక్కవాళ్ల కోసం అత్తయ్యా. ఎవరికైనా గాలి ఆగిపోతే, ఇది వాళ్లకిచ్చి ఇద్దరం ఒకరి వెనక ఒకరు ఇరుకులోంచి బయటికి రావచ్చు. పొట్టిదైతే పక్కపక్కనే ఉండాలి, దారి చాలదు."

"అయితే దీన్ని ఎక్కడ తగిలించుకుంటావు?"

"నోట్లో. నేను పీల్చేది ఇదే."

"నీ నోట్లోది తీసి ఇచ్చేస్తావా? మరి నీకు?"

"మెడలో దండలా రబ్బరు తాడుకు, రెండో సిలిండరుది ఇంకోటి వేలాడుతుంది. అది నేను పెట్టుకుంటాను."

ఆవిడ కాస్త ఆలోచించారు. "ఆ మెడలోదే ఇవ్వచ్చుగా. నోటి దగ్గరిది తీయడమెందుకు?"

"నా నోట్లోది పనిచేస్తోందని నాకు తెలుసు కదత్తయ్యా, ఆ క్షణందాకా నేను పీల్చిందే కాబట్టి. ఊపిరాడనివాళ్ల చేతికి, పనిచేస్తుందో లేదో అనుకునేదాన్ని పెట్టలేం. అనుమానం ఉన్నది మన దగ్గర ఉంచుకోవాలి."

ఆవిడ గొట్టం చివర పట్టుకుని, కొలుస్తున్నట్టు జానలు పెట్టుకుంటూ పోయారు. మధ్యలో ఆగిపోయారు. "మావాడిదీ ఇంత పొడుగుందా?" అని మాత్రం అడిగారు.

"ఉందత్తయ్యా," అన్నాను. గొట్టం ఉంది. దాని మొదట్లో బిగించిన ముక్క గురించి నేను చెప్పలేదు.

*

ఊరి బయట పాడుబడ్డ రాతి క్వారీలో నీళ్లు నిండి చిన్న చెరువంత ఉంటుంది. గుహకు ముందు అక్కడ సాధన చేద్దామనుకున్నాం. ఆ పొద్దున ఒడ్డున గాజుపలకలాంటి మంచు. మడమతో కొడితే పగిలింది. నా వీపు మీద నల్ల రెగ్యులేటర్లు, ఆయన వీపు మీద పాతవి. ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. మేం ఇద్దరం మొదలుపెట్టిన రోజు నుంచీ అంతే. ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నీటి కింద మాకు 'మీరు', 'నువ్వు' తేడా ఉండదు. చేతి సైగలకు బహువచనం లేదు. పది అంతస్తుల లోతున ఆయన దీపం వెలుగు రాతిగోడ మీద నెమ్మదిగా కదులుతోంది. నేను ఒత్తిడి చూసుకుని తలెత్తేసరికి ఆ వెలుగు కనపడలేదు. తెల్లటి బుడగల స్తంభం ఒకటి లేచింది. చప్పుడు ఎముకల్లోకి వినిపించింది, ప్రెషర్ కుక్కరు మూత ఊడినట్టు.

ఆయన కంగారు పడలేదు. నేర్చుకున్నట్టే చెయ్యి వెనక్కి పెట్టి, గాలి ఆపే కుడి సిలిండరు మర మూశారు, మెడలోదాన్ని నోట్లో పెట్టుకున్నారు. బుడగలు ఆగాయి. బొటనవేలు పైకెత్తారు: పైకి పోదాం. సరేనన్నాను. నాలుగు ఊపిర్లు పీల్చారో లేదో, రెండోది కూడా తెరుచుకుపోయింది. రెండూ ఒక రకమే, రెండూ అదే చలిలో ఉన్నాయి.

ఈసారి బుడగలు మా ఇద్దరి మధ్య గోడలా లేచాయి. ఆ గోడలోకి చెయ్యి పెట్టాను. భుజం దొరికింది. నా నోట్లోది తీసి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని ఆయన ముఖం వైపు నెట్టాను. మెడలోది అందుకునే లోపు నా నోట్లో ఏమీ లేదు. ఉప్పగా లేని, రాతి రుచి ఉన్న నీళ్లు పెదాలకు తగిలాయి. తర్వాత గాలి వచ్చింది. మామూలు గాలి.

ఆయన వీపు వైపుకు వెళ్లి ఎడమ మర నేను మూశాను. చప్పుడు ఆగింది. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. అద్దం లోపల ఆయన కళ్లు నా వైపే చూస్తున్నాయి. మా మధ్య ఆ నల్ల గొట్టం నీళ్లలో వంపు తిరిగి ఉంది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, ఆగాల్సిన చోటల్లా ఆగుతూ పైకి వచ్చాం. ఆగిన ప్రతిచోటా ఆయన నా చేతిని రెండుసార్లు నొక్కారు. నేను రెండుసార్లు నొక్కాను.

ఒడ్డున ఆయన తన రెగ్యులేటరు విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. రంధ్రాల్లో మంచు పళ్లలా బిగుసుకుని ఉంది. అది కరిగి వేళ్ల సందుల్లోంచి కారిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత సామాను కారులో పెట్టి, హీటరు వేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నారు.

"పిన్ని షాపు ఎప్పటిదాకా తీసుంటుంది?"

"చీకటిపడేదాకా ఉంటుందిగా."

"అయితే తిన్నగా అటే పోదాం."

షాపులో పిన్ని మా ముఖాలు చూసింది. "నీ పాతవి నాకు వదిలెయ్యి బాబూ. వేసవిలో సముద్రానికి పోయేవాళ్లకు అవి బంగారం," అంది.

"ఉంచు పిన్నీ," అన్నారాయన. "నాకు తనది ఎలా ఉందో అలాంటిదే కావాలి. గొట్టం, మర, మెడతాడు, అన్నీ. తేడా ఒక్కటీ వద్దు."

ఇంటికొచ్చాక అత్తగారు "వచ్చారా?" అన్నారు. ఆయన గుమ్మంలోనే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేశారు. దాచిపెడతారనుకున్నాను. ఆవిడ విని, లేచి వెళ్లి స్టవ్వు మీద నీళ్లు పెట్టారు. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "అమ్మాయ్, ఆ గొట్టం ఇంకాస్త పొడుగున్నది దొరుకుతుందేమో అడిగావా?" అన్నారు.

*

తర్వాతి వారాల్లో మా ముందుగది శిక్షణ శిబిరమైంది. ఒకరి తర్వాత ఒకరం వీపున సిలిండర్లు కట్టుకుని స్టూలు మీద కూర్చునేవాళ్లం. కళ్లకు తువ్వాలు. అత్తగారు కుర్చీలోంచి "కుడి" అనగానే చెయ్యి వెనక్కి పెట్టి కుడి మర మూసి, మెడలోది నోట్లో పెట్టుకోవాలి. "ఎడమ" అంటే ఎడమది. "గాలి లేదు" అంటే ఎదుటివాళ్లు నోట్లోది తీసి ఇవ్వాలి. ఆవిడకు ఈ అధికారం బాగా నచ్చింది. కూరలో ఉప్పు వేస్తూ కూడా వంటింట్లోంచి "గాలి లేదు" అని కేకేసేవారు. మేం అన్నం తింటున్నా సరే, ఆయన చెయ్యి అసంకల్పితంగా నోటి దగ్గరికి పోయేది. చెంచా నా వైపు చాపేవారు. ముగ్గురం నవ్వుకునేవాళ్లం.

రాను రాను ఆయన అడగడం మొదలుపెట్టారు. "గుహలో మొదటి మలుపు నీ లెక్కలో ఎటు ఉండొచ్చు?" "ఈ గొట్టం ఇలా పోనిస్తే నీకు చేతికి దొరుకుతుందా?" మునుపు ఇలాంటివి ఆయన చెప్పేవారు, నేను వినేదాన్ని.

గుహకు వెళ్లే రోజు ఎండ వచ్చింది. వెచ్చదనం లేని తెల్లటి ఎండ. ఇంజనీరుగారు మాకు ఒక మూతబిగించిన డబ్బా ఇచ్చారు. లోపలెక్కడైనా పెడితే అది రాతిలోంచి సంకేతం పంపుతుంది. పైన కొండమీద తీగచుట్టతో నడుస్తూ, అది సరిగ్గా ఎక్కడ ఉందో కనిపెడతారు. పిన్ని మడుగు ఒడ్డున మా గాలి చూసుకునే పని మీద కూర్చుంది. అత్తగారు రానన్నారు. మేం ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు "నేనెందుకులే అక్కడ," అన్నారు. కానీ శాలువా కప్పుకునే ఉన్నారు.

గుహలో దారి తప్పకుండా వెనక్కి రావడానికి సన్నటి తాడు పరుచుకుంటూ వెళ్లాలి. తాడు రీలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ముందు. మెడలోతు నీళ్లలో నిలబడి మరలన్నీ ఒకసారి సరిచూసుకున్నాం. నావి ఆయన తడిమారు, ఆయనవి నేను తడిమాను. అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. రీలు ఆయన నడుముకు వేలాడుతోంది. కొక్కెం విప్పి నా చేతిలో పెట్టారు. ఒక పక్కకు జరిగి, అరచెయ్యి చాచి, గుహ నోటి వైపు చూపించారు.

నేను ముందు వెళ్లాను.

లోపల మొదట ఏమీ కనపడలేదు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. దీపం వెలుగు మూరెడు దూరం పోయి ఆగిపోతోంది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి తాడు మీద. వెనక ఆయన ఉన్నారని తాడులో వచ్చే చిన్న కుదుపుల వల్లే తెలుస్తోంది. మలుపు తిరిగి, కిందికి దిగి, మళ్లీ కొంచెం ఎక్కాక రాయి అడ్డొచ్చింది. గది తలుపంత పలక. కప్పు నుంచి ఊడి ఏటవాలుగా పడింది. దాని చుట్టూ బురద పేరుకుంది. అదే ఊరి గొంతులో ఇరుక్కున్న ముక్క.

పలకకూ గోడకూ మధ్య మెత్తటి బురదతో పూడిన సందు ఉంది. చేతులతో తోసుకుంటే మనిషి పట్టేంత, అంతే. నేను ఆయన వైపు దీపం తిప్పాను. ఆయన వేళ్లతో గుండ్రం చుట్టారు: సరే. తల దూర్చాను. వీపు మీద సిలిండర్లు రాతిని గీసుకుని కీచుమన్నాయి. బురద లేచి కళ్ల ముందు అంతా గోధుమరంగు. రెగ్యులేటరు మీద మట్టి పొరలు పొరలుగా పడుతున్నట్టు బుగ్గకు తెలిసింది. పీల్చాను. వచ్చింది. వదిలాను. మళ్లీ పీల్చాను. వచ్చింది. ఆ సందులో నేను ఇంకేదాని గురించీ ఆలోచించలేదు.

తర్వాత భుజాలు వదులయ్యాయి. గోధుమరంగు వెనక్కి పోయింది. దీపం ఎత్తాను.

వెలుగు ఎక్కడా ఆగలేదు. నా ఎదుట పెద్ద హాలు, దాని నిండా గాలి అనుకునేంత తేటగా నీళ్లు. అడుగున తెల్లటి గులకరాళ్లు లెక్కపెట్టేట్టు కనిపిస్తున్నాయి. ఎక్కడి నుంచో మెల్లగా వచ్చే ప్రవాహం నా చెంపకు తగిలింది. నీళ్లు ఎటూ పోలేదు. ఇక్కడే ఉన్నాయి, తలుపు తీయమని నిలబడి ఉన్నాయి.

ఆయన నా పక్కకొచ్చి ఆగారు. చాలాసేపు ఇద్దరం ఒకే వైపు చూశాం. డబ్బాను గులకరాళ్ల మధ్య సమంగా నిలబెట్టి, తాడు కట్టి, వెనక్కి తిరిగాం.

మడుగు కింద, ఒంట్లో పట్టిన వాయువు బయటికి పోయేదాకా వేలాడుతూ ఆగిన సమయమే అన్నిటికన్నా పొడుగనిపించింది. పైకి తేలేసరికి పెదాలు మొద్దుబారి, మాట రావడం లేదు. పిన్ని చెయ్యందించి, "ఇద్దరి బుడగలూ నిదానంగానే ఉన్నాయి," అంది. ఆ మనిషి నోట అంతకన్నా మెప్పు ఉండదు.

అప్పుడు కొండ దారిలోంచి మా అత్తగారు దిగుతూ కనిపించారు. శాలువా ఒక పక్కకు ఈడ్చుకుపోతోంది, చెప్పుల నిండా మట్టి. వెనకాల ఇంజనీరుగారు, ఆవిడ పడిపోతారేమోనని చేతులు చాచుకుంటూ. ఆవిడ ఎన్నడూ రాని ఆ మడుగులోకి, చీలమండల దాకా నీళ్లలోకి వచ్చేసి, నా రెండు చెంపలూ పట్టుకున్నారు. చేతులు నిప్పుల్లా వేడిగా ఉన్నాయి.

"దొరికిందమ్మాయ్. కొండమీద దొరికింది."

"అమ్మగారు మా కన్నా ముందే పైకొచ్చి నిలబడ్డారు," అన్నారు ఇంజనీరుగారు రొప్పుతూ. "సంకేతం ఎక్కడ గట్టిగా వస్తుందా అని తిరిగి తిరిగి చూస్తే, సరిగ్గా ఆవిడ నిలబడ్డచోటే. జరగండమ్మా, గుర్తు మేకు కొట్టాలి అంటే జరగనన్నారు."

"ఎలా జరుగుతాను?" అన్నారు అత్తగారు, ఇంజనీరుగారి వైపు తిరిగి. "కింద నా పిల్లలున్నారు. పైన నేను లేకపోతే ఎలా? మీ మేకేదో నా కాళ్ల మధ్య కొట్టుకోండన్నాను."

అలాగే కొట్టారట. మడుగులో మా దీపాలు కనిపించాయని ఒడ్డు నుంచి పిన్ని చెయ్యి ఊపాకే ఆవిడ అక్కడి నుంచి కదిలారట.

*

బోరు అక్కడే వేశారు. రాతిలోకి దిగిన మూడోవారం నీళ్లు తగిలి యంత్రం చప్పుడు మారింది. పైపులు కలిపి, పరీక్షలు చేసి, పైవీధికి వదిలేసరికి చెట్లకు చిగుళ్లు వచ్చాయి.

ఆ ఉదయం వీధంతా కుళాయిల దగ్గరే ఉంది. మా వంటింట్లో ముగ్గురం నిలబడ్డాం. ముందు కుళాయి దగ్గింది, తర్వాత తుప్పురంగు ఉమ్మింది, తర్వాత కాసేపు తెల్లగా నురగలు కక్కి, చివరికి గాజుకడ్డీలా నిలకడగా పారింది. అత్తగారు గ్లాసు పట్టి కిటికీ వెలుగులో చూశారు. ఒక గుక్క తాగి, చల్లదనానికి కళ్లు మూసుకున్నారు.

"ఇవి మీరు చూసిన నీళ్లేనా?"

"అవే అమ్మా," అన్నారు మా ఆయన.

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎలా ఉంటుంది అక్కడ?" అని అడిగారు.

ఇన్నేళ్లలో ఆవిడ ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. మా ఆయన చెప్పబోయి నోరు తెరిచారు. అంతలో నా వైపు చూసి ఆగిపోయారు.

"నువ్వు చెప్పు," అన్నారు. "ముందు చూసింది నువ్వు కదా."

నేనూ కుర్చీ లాక్కుని, ఆ రాతి సందు దగ్గర నుంచి మొదలుపెట్టాను.